మూసిన తలుపు వెనక పని: పైలట్, థెరపిస్టు

విమానం నడిపేవాళ్ల పని, మనసు బాధ వినేవాళ్ల పని రెండూ మూసిన తలుపు వెనకే జరుగుతాయి. ప్రయాణికుడికి కాక్‌పిట్ కనిపించదు. కౌన్సెలింగుకు వెళ్లిన మనిషి గదిలోనే ఉంటాడు గానీ, ఎదురుగా కూర్చున్నవారు తమ పని సరిగ్గా చేస్తున్నారో లేదో తేల్చుకునే స్థితిలో ఉండడు. రెండు చోట్లా నమ్మకమే ఆధారం. ఆ నమ్మకాన్ని కాపాడటానికి విమానయానం యాభై ఏళ్లుగా కష్టపడి ఒక పద్ధతి కట్టుకుంది. మానసిక చికిత్స, కనీసం మన దగ్గర, ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నా ప్రయత్నం.

అందుకు శంషాబాద్ కంటే తగిన చోటు నాకు తోచలేదు. 2008 మార్చిలో ఇక్కడి హైదరాబాద్ విమానాశ్రయంలో విమానాల రాకపోకలు మొదలయ్యాయి. 5,495 ఎకరాల స్థలం, 4,260 మీటర్ల రన్‌వే. దాని చుట్టూ ఒక కొత్త జనజీవితం పెరిగింది. గ్రౌండ్ స్టాఫ్, క్యాబిన్ క్రూ, కార్గో కూలీలు, సెక్యూరిటీ జవాన్లు, అర్ధరాత్రి క్యాబ్ నడిపే డ్రైవర్లు. వీళ్లలో చాలామంది ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి అద్దె గదుల్లో ఉండే పాతికేళ్ల పిల్లలు. నిద్రకు వేళ లేదు, ఇల్లు దగ్గర లేదు, పండగ రోజు కూడా రోస్టరే. ఒక కౌన్సెలర్ అవసరం గట్టిగా ఉన్న జనం వీళ్లు. ఇదే విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న ఏరోస్పేస్ పార్కులో పైలట్లకు సిమ్యులేటర్ శిక్షణ ఇచ్చే కేంద్రం ఉంది. కాస్త దూరంలో ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజుల విగ్రహం ఉంది. ఆయన సంగతికి తర్వాత వస్తాను.

ముందు కాక్‌పిట్. ఒక కమాండర్ పదిహేను వేల గంటలు విమానం నడిపి ఉండవచ్చు. అయినా ఏడాదికి రెండుసార్లు సిమ్యులేటర్‌లో కూర్చుని తన పనితనం చూపించాల్సిందే. మన విమానయాన నియంత్రణ సంస్థ డి.జి.సి.ఎ. నియమం అది. టేకాఫ్ నడుస్తుండగా ఇంజన్ ఆగిపోతుంది, క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతుంది, రన్‌వే కనిపించక దిగబోయేవాడు మళ్లీ పైకి లేవాల్సి వస్తుంది. వెనక ఎగ్జామినర్ కూర్చుని అంతా చూస్తుంటాడు. ఇది చాలదన్నట్టు ప్రయాణికులున్న మామూలు విమానంలో ఏటా లైన్ చెక్. తప్పితే మళ్లీ శిక్షణ తీసుకుని నెగ్గేదాకా విమానం నడపనివ్వరు. సీనియారిటీ వల్ల ఎవరికీ మినహాయింపు దొరకదు. ఇదంతా వృత్తిలో భాగమేననీ, తన మీద అనుమానం కాదనీ ప్రతి పైలట్‌కీ తెలుసు.

ఈ పద్ధతి ఎవరి మంచితనం వల్లో రాలేదు. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫె రన్‌వే మీద పొగమంచులో రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. అనుమతి లేకుండా టేకాఫ్ మొదలుపెట్టిన కె.ఎల్.ఎం. కెప్టెన్ ఆ సంస్థలో పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద. ఎదుటి విమానం రన్‌వే ఖాళీ చేసిందా అని ఫ్లైట్ ఇంజనీర్ సందేహం వెలిబుచ్చాడు. కెప్టెన్ నిశ్చింతగా చేసిందనేశాడు. పెద్దాయన అంత గట్టిగా చెప్పాక ఇంజనీర్ ఇంకేమీ అనలేదు. మరుసటి ఏడాది డిసెంబరులో అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర ఒక యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం చక్రాల సమస్య చూసుకుంటూ చూసుకుంటూ ఇంధనం అయిపోయి కూలింది. ఇంధనం తగ్గుతోందని సిబ్బందికి తెలుసు, కెప్టెన్‌కు గట్టిగా చెప్పలేకపోయారు. 1979లో నాసా ఈ విషయం మీదే సమావేశం పెట్టింది. 1981లో యునైటెడ్ సంస్థ సిబ్బంది అందరికీ కొత్త శిక్షణ మొదలుపెట్టింది. అందులో నేర్పిన ముఖ్యమైన పాఠాలు రెండు: చిన్నవాడు నోరు విప్పాలి, పెద్దవాడు వినాలి.

టెనెరిఫె నుంచి మనం తీసుకోవాల్సింది ముఖ్యంగా ఒకటుంది. ఆ కెప్టెన్ చేతకానివాడు కాదు, అందరికీ నేర్పేవాడు. అనుభవం అతణ్ని కాపాడలేకపోయింది.

ఇక కౌన్సెలింగ్ గది. మన దగ్గర క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే ఎం.ఏ. తర్వాత రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన సంస్థలో రెండేళ్ల ఎం.ఫిల్. చదవడం ఇంతకాలం నడిచిన దారి. సికింద్రాబాద్‌లోని స్వీకార్ అకాడమీ లాంటి చోట్ల ఈ చదువు ఉంది. ఆ రెండేళ్లూ విద్యార్థి చేసే ప్రతి కేసునూ పైవాళ్లు చూస్తారు. ఎలా అడిగావు, ఎందుకు అడిగావు, ఆ మాట ఎందుకు వదిలేశావు అని నిలదీస్తారు. మంచి గురువు దొరికితే ఆ రెండేళ్లు జీవితాంతం అక్కరకొస్తాయి. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ నంబరు వస్తుంది, తలుపు మూసుకుంటుంది. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు సి.ఆర్.ఈ. (నిరంతర పునరావాస విద్య) పాయింట్లు కావాలి. సదస్సుకో వర్క్‌షాపుకో వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ పాయింట్లు వస్తాయి. ఆ సర్టిఫికెట్ చెప్పేది మీరు ఫలానా హాల్లో కూర్చున్నారని. మంగళవారం సాయంత్రం ఆరు గంటల క్లయింటుతో మీరు ఏం మాట్లాడారో చూసే బాధ్యత ఎవరి మీదా లేదు.

క్లినికల్ సైకాలజిస్టులది కాస్త మెరుగైన పరిస్థితే. ఎం.ఏ. సైకాలజీ తర్వాత నేరుగా, లేదా ఒక డిప్లొమా తర్వాత కౌన్సెలర్లుగా పనిచేసేవాళ్ల సంఖ్యే మన నగరాల్లో పెద్దది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 'మెంటల్ హెల్త్ ప్రొఫెషనల్' నిర్వచనంలో సైకియాట్రిస్టు ఉన్నారు, క్లినికల్ సైకాలజిస్టు ఉన్నారు, సైకియాట్రిక్ నర్సు, సోషల్ వర్కర్ ఉన్నారు. కౌన్సెలర్ లేరు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం సైకాలజిస్టులనూ కౌన్సెలర్లనూ తన పట్టికలో చేర్చింది, డిగ్రీకి కనీసం 3,600 గంటల చదువు అని హద్దు పెట్టింది. అమలు మాత్రం ఎంత నిదానంగా నడిచిందంటే, రెండు నెలల్లో అమలు చేయండని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కేంద్రాన్నీ రాష్ట్రాలనూ ఆదేశించాల్సి వచ్చింది. ఎవరు ఈ పని చేయవచ్చో తేల్చడమే ఇంకా పూర్తికాని చోట, చేస్తున్నవాళ్ల పనిని ఎవరు చూస్తారన్న ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. నా దృష్టిలో రెండో ప్రశ్నే ముఖ్యమైనది.

పనిని ఇలా చూడటాన్నే సూపర్‌విజన్ అంటారు. ఆ మాట వింటే బయటివాళ్లకు మేస్త్రీ కూలీల మీద నిలబడి చూడటం లాంటిదేదో తోస్తుంది. థెరపిస్టులు ఆ మాటతో చెప్పేది వేరే. వారానికో పదిహేను రోజులకో ఒక గంట, తనకంటే అనుభవం ఉన్నవారి దగ్గర కూర్చుని తన కేసులు విప్పి చెప్పుకోవడం. పేర్లు దాచి, వీలైతే క్లయింటు అనుమతితో చేసిన రికార్డింగ్ వినిపించి, ఎక్కడ చిక్కుకుపోయానో చూపించడం. ఒక ఉదాహరణ ఊహిద్దాం. శంషాబాద్‌లో రాత్రి డ్యూటీలు చేసే ఒక అమ్మాయి కౌన్సెలర్ దగ్గరికి వస్తుంది. ఉద్యోగం మానేసి ఊరికి వెళ్లిపోవాలనుందని రెండు మూడు సెషన్లలో అంటుంది. ఆ మాట వచ్చినప్పుడల్లా కౌన్సెలర్ నిద్ర గురించీ రొటీన్ గురించీ మంచి సలహాలు చెబుతుంది. సలహాల్లో తప్పులేదు. కానీ ఆ కౌన్సెలర్ కూడా ఇంట్లోవాళ్లను ఎదిరించి నగరానికి వచ్చి నిలదొక్కుకున్న మనిషి. తిరిగి వెళ్లిపోవడం అన్న మాటే ఆమెకు భరించరానిది. అందుకే ఆ అమ్మాయి ఏం చెబుతోందో ఆమెకు వినపడటం లేదు. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ దొరకదు, ఏ వర్క్‌షాపులోనూ బయటపడదు. ఆ సెషన్‌ను మూడో మనిషి విన్నప్పుడే తెలుస్తుంది.

అలా వినేవాళ్లు లేనప్పుడు ఏమవుతుంది? అనుభవమే నేర్పుతుందని మనలో చాలామంది నమ్మకం. నాకూ అలాగే అనిపించేది. 2016లో అమెరికాలో సైమన్ గోల్డ్‌బర్గ్, అతని సహచరులు ప్రచురించిన అధ్యయనం ఈ నమ్మకాన్ని కదిలిస్తుంది. 170 మంది థెరపిస్టులు, 6,591 మంది క్లయింట్లు. కొందరి విషయంలో పదిహేడేళ్లకు పైగా సమాచారం. సగటున చూస్తే ఏళ్లు గడిచేకొద్దీ ఫలితాలు మెరుగుపడలేదు సరికదా, అతి స్వల్పంగా తగ్గాయి. అయితే క్లయింట్లు మధ్యలో మానేయడం తగ్గింది, కొందరు థెరపిస్టులు నిజంగానే మెరుగయ్యారు కూడా. అంటే ఎదగడం సాధ్యమే, కానీ ఏళ్లు గడిచినంత మాత్రాన రాదు. దీనికి తోడు 2012లో స్టీవెన్ వాల్‌ఫిష్ బృందం 129 మంది మానసిక ఆరోగ్య వృత్తినిపుణులను మీరు మీ తోటివాళ్లలో ఎక్కడుంటారని అడిగింది. నాలుగోవంతు మంది తాము నూటికి తొంభై మంది కంటే మెరుగన్నారు. సగటు కంటే తక్కువని చెప్పినవారు ఒక్కరూ లేరు. వీళ్లు అబద్ధం చెప్పారని నేననను. పైలట్ దిగడంలో తప్పు చేస్తే విమానం కుదుపుకు లోనవుతుంది, రికార్డర్ రాసుకుంటుంది, వెనక ప్రయాణికులు ఉలిక్కిపడతారు. థెరపిస్టు తప్పు చేస్తే క్లయింటు మరుసటి వారం రాడు, అంతే. ఎందుకు రాలేదో చెప్పడు. బాగయ్యాడేమో అనుకోవచ్చు, ఊరు మారాడేమో అనుకోవచ్చు. తప్పు తనకు కబురు పంపని వృత్తిలో మనిషి తనను తాను సరిగ్గా అంచనా వేసుకోవడం దాదాపు అసాధ్యం.

ఇక్కడ పాశ్చాత్య దేశాలన్నీ ఒకటే అనుకోకూడదు. బ్రిటన్‌లో బి.ఏ.సి.పి. అనే థెరపిస్టుల సంఘం అక్రెడిటేషన్ ఉన్న సభ్యులకు నెలకు కనీసం గంటన్నర సూపర్‌విజన్ తప్పనిసరి చేసింది. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నా అంతే. అమెరికాలో లైసెన్సుకు ముందు గట్టి నిబంధనలున్నాయి, కాలిఫోర్నియాలో 3,000 గంటల పర్యవేక్షిత పని చేయాలి. లైసెన్సు వచ్చాక ఎక్కువగా నిరంతర విద్య గంటలతో సరి. ఈ రెండింటిలో బ్రిటన్ పద్ధతే సరైనదని నా అభిప్రాయం. గోల్డ్‌బర్గ్ లెక్కలు చెప్పేది లైసెన్సు తర్వాతి ఏళ్ల గురించే మరి.

ఇంతవరకు కాక్‌పిట్‌నే మెచ్చుకుంటూ వచ్చాను. ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు కౌన్సెలింగ్ గదిలోకి తెచ్చిపెడితే మాత్రం చెడుతుంది. ఇంజన్ ఆగితే ఏం చేయాలో చెక్‌లిస్టు ఉంది. భర్త పోయిన స్త్రీ నలభై నిమిషాలు మౌనంగా కూర్చుంటే ఏం చేయాలో చెక్‌లిస్టు రాయలేం. ఆ మౌనంలో తోడుగా ఉండటమే ఒకరికి చికిత్స, మరొకరికి అదే నిర్లక్ష్యంగా తగులుతుంది. పరీక్ష పెట్టి పాస్, ఫెయిల్ అనగలిగే భాగం ఈ వృత్తిలో ఉంది. ఆత్మహత్య ప్రమాదాన్ని అంచనా వేయడం, గోప్యత నియమాలు, ఎప్పుడు సైకియాట్రిస్టుకు పంపాలో తెలియడం లాంటివి. ఆ భాగానికి పరీక్ష ఉండి తీరాలి. మిగతాది పరీక్షకు లొంగదు.

ఇంకో పెద్ద చిక్కు భయం. ఉద్యోగం ఊడదీయగలిగిన మనిషి ముందు ఎవరూ తమ తప్పు విప్పరు. విమానయానం ఈ సంగతి ముందే గ్రహించింది. 1976లో అమెరికాలో భద్రతా నివేదికల వ్యవస్థ పెట్టినప్పుడు దాన్ని లైసెన్సులిచ్చే ఎఫ్.ఏ.ఏ. చేతిలో పెట్టలేదు, నాసాకు అప్పగించారు. పైలట్ తన పొరపాటును నాసాకు రాసి పంపవచ్చు, పేరు తీసేసి దాన్ని పాఠంగా మారుస్తారు. చెక్ చేసే చెయ్యి, చెప్పుకునే చెవి వేరువేరుగా ఉండాలన్నది ఆ ఏర్పాటులోని వివేకం. మన క్లినిక్కుల్లో ఈ రెండూ చాలాసార్లు ఒకే మనిషిలో ఉంటాయి. క్లినిక్ యజమానే సూపర్‌వైజర్. జీతం పెంచేదీ, క్లయింట్లను పంచేదీ ఆవిడే, తప్పు చెప్పుకోవాల్సిందీ ఆవిడకే. కొత్తగా చేరిన అమ్మాయి "మేడమ్, ఈ కేసులో నాకేం చేయాలో తోచడం లేదు" అనాలంటే ఎంత ధైర్యం కావాలి? ఎక్కువమంది "బాగానే నడుస్తోంది మేడమ్" అనేసి బయటపడతారు. అలాంటి సూపర్‌విజన్ లెక్కకు ఉన్నా పనికి లేనట్టే.

గురుశిష్య సంప్రదాయం ఉన్న మనకు ఇది కొత్తగా నేర్పాలా అని కొందరంటారు. సైకియాట్రిస్టు జస్వంత్ సింగ్ నేకీ 1973లోనే గురుశిష్య సంబంధాన్ని మానసిక చికిత్సకు నమూనాగా ప్రతిపాదించారు. ఆ వాదనలో బలం ఉంది. మన దగ్గర మనిషి ఒంటరి వ్యక్తిగా రాడు, పెద్దల మీద ఆనుకునే వస్తాడు. సూపర్‌విజన్‌కూ ఈ ఆదరణ అవసరమే. కానీ గురువును ప్రశ్నించరాదన్న అలవాటు కూడా దాని వెంటే వస్తుంది, టెనెరిఫె ఇంజనీర్‌ను మాట మింగేలా చేసింది అలాంటి అలవాటే.

అందుకే ముచ్చింతల్ సంగతి చెప్పాలి. అక్కడ 2022 ఫిబ్రవరిలో ఆవిష్కరించిన విగ్రహం ఎంత ఎత్తో అందరూ చెబుతారు. ఆ ఆచార్యుడు ఎలా నేర్చుకున్నాడో చెప్పేవాళ్లు తక్కువ. శ్రీవైష్ణవ గురుపరంపర కథనాల ప్రకారం రామానుజులకు ఆచార్యులు ఐదుగురు. అప్పటికే పండితుడు, సన్యాసి అయ్యాక కూడా ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్కటి నేర్చుకున్నారు. తిరుమాలై ఆండాన్ దగ్గర తిరువాయ్‌మొళి అనే తమిళ భక్తి కావ్యం వింటూ కొన్ని పాశురాలకు వేరే అర్థం చెప్పారట. గురువు నొచ్చుకుని పాఠం ఆపేశారు. అప్పుడు తిరుక్కోష్టియూర్ నంబి అనే మరో పెద్ద వచ్చి ఆండాన్‌కు నచ్చజెప్పాకే పాఠం మళ్లీ సాగింది. గురువుతో విభేదించగల శిష్యుడు, ఆ విభేదాన్ని సర్దగల మూడో పెద్ద, ఇద్దరూ ఈ కథలో ఉన్నారు. మన సంప్రదాయం నుంచి సూపర్‌విజన్‌కు ఏదైనా తీసుకోవాలంటే పాదనమస్కారం కంటే ముందు దీన్ని తీసుకోవాలి.

సూపర్‌వైజర్లు చాలరు, డబ్బు లేదు అన్న మాటా నిజమే. కొత్త కౌన్సెలర్లు చాలామంది సూపర్‌విజన్‌కు తమ జేబులోంచే కడతారు, వచ్చే జీతానికి అది భారం. దీనికి గోవాలో ఒక జవాబు దొరికింది. సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ తదితరులు స్థాపించిన సంగత్ సంస్థ, సైకాలజీ చదవని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డిప్రెషన్‌కు ఆరు నుంచి ఎనిమిది సెషన్ల కౌన్సెలింగ్ చేయించింది. 2016 చివర్లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడిన ఫలితాల్లో, మూడు నెలలకు ఆ కౌన్సెలింగ్ పొందినవారిలో 64 శాతం, పొందనివారిలో 39 శాతం తేరుకున్నారు. అందరూ మెచ్చుకునేది ఆ ఫలితాన్ని. నాకు అంతకంటే విలువైనది దాని వెనకున్న ఏర్పాటు. కౌన్సెలర్లు క్రమంగా గుంపుగా కూర్చుని ఒకరి సెషన్ రికార్డింగ్ మరొకరు విని, ఒక కొలబద్ద ప్రకారం మార్కులు వేసేవాళ్లు. మొదట నిపుణులు పక్కన ఉన్నారు, తర్వాత తోటివాళ్లే నడిపారు. పెద్ద డిగ్రీ ఉండి ఎవరికీ వినిపించకుండా పనిచేసే థెరపిస్టు కంటే, చిన్న చదువుతోనే తన సెషన్‌ను నలుగురి ముందు పెట్టగల కౌన్సెలర్ దగ్గరకే నా వాళ్లను పంపుతాను.

చివరిగా ఈ రెండు వృత్తులూ నిజంగా కలుసుకునే చోటు ఉంది. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ కో-పైలట్ కావాలనే విమానాన్ని ఆల్ప్స్ కొండలకు ఢీకొట్టించాడు. అతనితో కలిపి 150 మంది పోయారు. దానికి కొద్ది వారాల ముందే ఒక వైద్యుడు అతనికి మానసిక ఆసుపత్రిలో చికిత్స అవసరమని రాశాడు. ఆ సంగతి విమాన సంస్థకు చేరలేదు. మన డి.జి.సి.ఎ. 2023లో పైలట్ల, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల మానసిక ఆరోగ్యంపై సర్క్యులర్ ఇచ్చి, తోటివాళ్ల ద్వారా సాయమందే ఏర్పాటు చేయమంది. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం కూలిన నాలుగు రోజులకు ఆ సంస్థలో 112 మంది పైలట్లు అనారోగ్యమని సెలవు పెట్టినట్టు ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. సిమ్యులేటర్ ఇంజన్ వైఫల్యాన్ని పరీక్షించగలదు, నిద్రపట్టని మనసును పరీక్షించలేదు. లైసెన్సు పోతుందన్న భయంతో పైలట్ ఆ మాట దాచుకుంటాడు. అంటే అన్ని చెక్‌లూ ఉన్న ఆ వృత్తి ఓడిపోతున్నది సరిగ్గా రెండో వృత్తి పని మొదలయ్యే చోటే.

అలా దాచుకున్న పైలట్ ఒకరోజు ధైర్యం చేసి ఒక కౌన్సెలర్ దగ్గరికి వచ్చాడనుకోండి. అతను చెప్పిన మాట విని ఆ కౌన్సెలర్‌కు చెమటలు పట్టవచ్చు. గోప్యత కాపాడాలా, ఎవరికైనా చెప్పాలా? 2017 చట్టంలోని 23వ సెక్షన్ గోప్యత హక్కు ఇస్తూనే, ఇతరుల ప్రాణాలకు ముప్పు ఉన్నప్పుడు మినహాయింపులిచ్చింది. ఈ మనిషి విషయంలో ఆ గీత ఎక్కడుందో చట్టం చెప్పదు. తొందరపడి చెప్పేస్తే ఇకమీద ఏ పైలట్ కౌన్సెలర్ గడప తొక్కడు. మౌనంగా ఉంటే ఏం జరగవచ్చో ఆల్ప్స్ చూపించింది. ఆ రాత్రి ఆ కౌన్సెలర్ ఫోన్ చేయడానికి ఒక సూపర్‌వైజర్ ఉన్నారా లేదా అన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది.

కాబట్టి కౌన్సెలింగ్ సేవలు పెడుతున్న విమాన సంస్థలకూ, కాలేజీలకూ, ఐ.టి. కంపెనీలకూ నా విన్నపం: కౌన్సెలర్‌ను నియమించి ఊరుకోకండి. ఆమె సూపర్‌విజన్ గంటను డ్యూటీ గంటగా లెక్కించండి, ఆ ఖర్చు మీరే భరించండి, సూపర్‌వైజర్‌గా ఆమె మేనేజర్‌ను పెట్టకండి. పాఠకులకూ ఒక మాట. మీరో మీ పిల్లలో ఒక థెరపిస్టు దగ్గరికి వెళ్లాల్సి వస్తే మొదటి రోజే రెండు ప్రశ్నలు అడగండి: మీ రిజిస్ట్రేషన్ ఏమిటి, మీ కేసులు మీరు ఎవరితో చర్చిస్తారు? మంచి థెరపిస్టు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. రెండో దానికి జవాబు లేనివారి దగ్గర డబ్బు కట్టే ముందు ఇంకొకరిని కూడా చూడండి.